ఆంధ్ర వృక్షనామ సంగ్రాహకుడు సర్ వాల్టర్ ఎలియట్

చోడవరము నుండి మాడుగుల వైపు పోవు దారిలో తూర్పు కనుమలు దూరాన నీలముగా కనిపించుచుండగనే రాతి గుట్టలు మొదలగును. ఇది నిన్న మొన్నటి వరకు విశాఖపట్టణము జిల్లా. 2022 నుండి అనకాపల్లి జిల్లాలో చేరినది. వాన కురిసిన గడియకే నీరు జారిపోవు ఇట్టి గుట్టల వాలులలోను, మెట్ట చేల గట్లమీదను జెముడు పెరుగును. బాటసారి కంటికి జెముడంతయు ఒక్కటే. ఆకు కనిపించని పచ్చని కాడ, ముల్లు, గిల్లినచో కారు పాలు: ఇంతకంటె అతడు చూడడు. ఆ నేలను నమ్మి బ్రతికిన పెద్ద రైతు మాత్రము ఒక్క జెముడని చెప్పి ఊరకుండడు. బొమ్మజెముడు వేరు, ఆకుజెముడు వేరు, కాడజెముడు వేరు, నాగజెముడు మరియు వేరు. ఇవి గాక ఉత్తర సర్కారుల గుట్టలలో కత్తిమందు అను మరియొకటి యున్నది. ఈ చివరిదానికి 1853 వరకు శాస్త్రలోకమున పేరే లేదు. దానిని తక్కిన జెముళ్ళనుండి వేరుపరచి, తెలుగు పేరుతోనే శాస్త్రజ్ఞుల చేతికి అందించినవాడు ఆ కాలమున ఉత్తర సర్కారులకు కమిషనరుగా నుండిన సర్ వాల్టర్ ఎలియట్.

చరిత్ర చదువుకొన్నవారికి ఎలియట్ పేరు అమరావతి శిల్పముల వలన తెలియును. నాణెములు సేకరించువారికి దక్షిణ భారత నాణెములపై ఆయన వ్రాసిన గ్రంథము తెలియును. తెలుగు బోధించువారికి, చదువువారికి తెలియవలసిన ఎలియట్ వేరొకడు. మన చెట్టుచేమల పేర్లను ఊరూరా అడిగి తెలిసికొని, ఏ పేరు ఏ మొక్కదో తేల్చుటకు ఏండ్ల తరబడి శ్రమించిన ఎలియట్‌ను మనము మరచినాము.

ఆయన 1803 జనవరి 16వ తేదీన ఎడింబరో నగరమున జన్మించినాడు. వారిది స్కాట్లండు దక్షిణపు సరిహద్దున వుల్ఫ్‌లీ అను గ్రామమునకు చెందిన భూస్వాముల కుటుంబము. కుంపిణీ కొలువునకు యువకులను తయారుచేయు హెయిలీబరీ కళాశాలలో చదివి, 1821లో మద్రాసు రేవున దిగునప్పటికి ఆయనకు 18 ఏండ్లు. సేలములో కొలది కాలము పనిచేసిన పిమ్మట ధార్వాడ ప్రాంతమునకు మార్చినారు. అక్కడ ఆయనకు ప్రాణగండమొకటి దాటినది. 1824 అక్టోబరులో కిత్తూరు రాణి చెన్నమ్మ పక్షమువారు కుంపిణీ దళమును ఓడించినారు. కలెక్టరు థాకరే ఆ పోరులో మరణించినాడు. ఎలియట్, స్టీవెన్‌సన్ అను మరియొక ఉద్యోగి పట్టుబడి డిసెంబరు వరకు కిత్తూరు కోటలో బందీలుగా నుండినారు.

విడుదలయిన తరువాత ఆయన ఆ ప్రాంతమును విడిచిపోలేదు. 1833 వరకు అక్కడనే యుండి రెండు విద్యలు అలవరచుకొన్నాడు. మొదటిది శాసనములు చదువుట. పాడుబడిన గుడులలో, పొలములలో నిలిచిన రాళ్ళమీది వ్రాతలకు నకళ్ళు తీయించినాడు. అవి 595 శాసనములయినవి. చాళుక్య రాజుల వంశక్రమమును శాసనముల ఆధారముతో కూర్చి 1837లో ఆయన ప్రకటించిన వ్యాసము దక్షిణ దేశ చరిత్ర రచనకు తొలిమెట్లలో ఒకటి. రెండవ విద్య జంతువులను గుర్తించుట. వేటతో మొదలయిన ఆసక్తి క్రమముగా వేటను దాటిపోయినది. పులిని, జింకను ఎవరైనను గుర్తింతురు. ఎలియట్ దృష్టి పొలపు ఎలుకల మీదికి మరలినది. చూచుటకు ఒకే తీరుగా నుండు ఎలుకలలో ఏది ఏ బొరియలో కాపురముండునో, ఏది ఏ నేలను కోరునో ఎరిగినవారు ఒడ్డెలు. మట్టిపని వారి వృత్తి. ఎలుక వారి ఆహారము. వారి భాష తెలుగు. ఎలియట్ వారిని దగ్గరకు పిలిచి వారు చెప్పిన పేర్లను వ్రాసికొన్నాడు. ఆ ప్రాంతపు క్షీరజంతువులపై 1839లో ప్రకటించిన పట్టికలో ఆ పేర్లు గౌరవముగా చోటు చేసికొన్నవి. ఒడ్డెలు మెట్టాడ అని పిలిచిన మెత్తని బొచ్చు ఎలుక పేరు లండనులో అచ్చయినప్పుడు తకారము లకారముగా చదువబడి మెల్టాడా అయినది. ఆ తప్పు నేటికిని దాని శాస్త్రనామములో నిలిచియున్నది. పేరును చెవితో వినుట ఒకటి, చేతితో వ్రాయుట మరియొకటి, దూరదేశమున అచ్చొత్తుట ఇంకొకటి. ఈ మూడింటి నడుమ ఎంత జారిపోవునో ఎలియట్‌కు ముందుగనే అనుభవమైనదన్నమాట.

సెలవుపై స్వదేశము వెళ్ళి, మద్రాసు గవర్నరుగా వచ్చిన ఎల్ఫిన్‌స్టన్ ప్రభువునకు ఆంతరంగిక కార్యదర్శిగా తిరిగివచ్చి 1842 వరకు ఆ పనిలో నుండినాడు. 1839లో మాల్టా ద్వీపమున మరయా డొరోథియా హంటర్ బ్లేరును వివాహమాడినాడు. ఈ దర్బారు సంవత్సరములను గూర్చి ఇంతకంటె చెప్పవలసినది లేదు.

తెలుగు దేశముతో ఆయన అసలు సంబంధము 1845లో గుంటూరున మొదలయినది. 1832-33 నాటి నందన కరువు గుంటూరు సీమను శ్మశానము చేసి పోయినది. ఊళ్ళు బీడుపడినవి, జమీందారీలు అప్పులలో మునిగినవి, శిస్తు రాబడి కూలినది. దుస్థితికి కారణములు విచారించుటకు ప్రభుత్వము ఎలియట్‌ను ప్రత్యేకముగా పంపినది. ఆ ఏడే ఆయన అమరావతి దిబ్బను త్రవ్వించి శిల్పములను వెలికితీసి మద్రాసు పంపినాడు. అవి మద్రాసులో చాలకాలము పడియుండి 1859లో లండను చేరినవి. ఇప్పుడు బ్రిటిషు మ్యూజియములో నున్నవి. శిల్పములను వాని నేలనుండి ఊడబెరికి పంపుట మేలో కీడో అను వాదము నేటికిని తీరలేదు. దిబ్బ రాళ్ళను ఇళ్ళకును కట్టడములకును మోసికొనిపోవుట అంతకుముందే జరుగుచుండినదనుట మాత్రము నిజము.

గుంటూరు విచారణ తరువాత ఉత్తర సర్కారులన్నింటి రెవిన్యూ పాలన ఆయన చేతికి వచ్చినది. విశాఖపట్టణమునకు ఆనుకొని సముద్రపు టొడ్డున నుండు వాల్తేరు ఆయన నివాసమయినది. 1854 వరకు, దాదాపు తొమ్మిదేండ్లు, కృష్ణ నుండి గంజాము వరకు ఆయన తిరిగిన నేల తెలుగు నేల. గోదావరిపై కాటన్ దొర ఆనకట్ట లేచినది కూడ ఈ కాలముననే. కమిషనరు పని శిస్తులు, తగవులు, అర్జీలు. శిస్తు లెక్కకు నేల స్వభావము తెలియవలెను. నేల స్వభావమును దానిమీద మొలచిన మొక్క చెప్పును. ఆ మొక్క పేరును రైతు చెప్పును. గుడారము వేసిన ప్రతిచోట ఎలియట్ మొక్కలను తెప్పించి పేర్లు అడుగసాగినాడు.

ఈ తోవలో ఆయనకు ముందు నడచినవారు లేకపోలేదు. 18వ శతాబ్దపు చివరి పాదమున సామర్లకోటలో తోట వేసి కోరమాండల్ తీరపు మొక్కలను వర్ణించిన రాక్స్‌బరో వైద్యుడు తెలుగు పేర్లను శ్రద్ధగా వ్రాసికొన్నవాడే. కాని ఆయనకు మొక్క ముఖ్యము, పేరు దాని వెంట వచ్చునది. ఎలియట్ ఈ వరుసను తిరుగవేసినాడు. తెలుగువాడు ఒక పేరు పలికినచో అది ఏ మొక్కకు చెల్లును? ఇది ఆయన ప్రశ్న. వినుటకు సులభముగా తోచును గాని ఒక్క జెముడు విషయమును పరిశీలించినచో అందులోని చిక్కు తెలియగలదు.

జెముడు అను మాటయే తెలుగున ఒక కుటుంబపు ఇంటిపేరు వంటిది. చెముడు అనియు అందురు. ఆ రూపమునకు చెవుడు అను అర్థము కూడ గలదు గనుక నిఘంటువు తెరచిన విద్యార్థి ఒక్కొక్కసారి తికమకపడును. ఇంటిపేరు ముందు చేరిన చిన్న మాటయే మొక్కను మొక్కనుండి వేరుచేయును. బొమ్మజెముడు కొమ్మలు కణుపులు కణుపులుగా నుండును. కొమ్మను అడ్డముగా కోసి చూచినచో సాధారణముగా మూడు పలకలు కనిపించును. పలకల అంచు అలలవలె వంపులు తిరిగి, ప్రతి వంపు మొనయందు రెండేసి ముళ్ళు నిలుచును. ఆకు మిక్కిలి చిన్నది. మొలచినది తెలియకముందే రాలిపోవును. ఆకుజెముడు కొమ్మ గుండ్రన. బొడిపెలమీద ముళ్ళు జంటలుగా నుండును. కొమ్మల చివర దళసరియైన పొడుగాటి ఆకులు గుత్తిగా మొలచి, వేసవిలో రాలిపోవును. అందుచేత ఒకే మొక్క భాద్రపదమున ఆకుజెముడుగను, వైశాఖమున ఎవరికి తోచిన పేరుగల జెముడుగను కనిపించగలదు. కాడజెముడునకు ముల్లే లేదు. పెన్సిలు లావు పచ్చని కాడలు గుబురుగా పెరుగును, కంచెలకు నాటుదురు.

ఇక నాగజెముడు. పడగవంటి బల్లపరుపు కాండము, కుచ్చులు కుచ్చులుగా ముళ్ళు, పసుపుపచ్చని పెద్ద పువ్వు, ఎర్రని పండు. ఇది అసలు ఆ కుటుంబములోనిదే కాదు. గిల్లినచో పాలు రావు, జిగురు నీరు వచ్చును. దీని పుట్టిల్లు అమెరికా ఖండము. ఐరోపావారి ఓడలు అట్లాంటికు దాటిన పిదపనే మన దేశమునకు వచ్చినది. కాని ఎంతగా మన నేలకు అలవాటు పడినదనగా, రాక్స్‌బరో అంతటివాడు దానిని హిందూదేశపు మొక్కగా ఎంచి ఆ అర్థము వచ్చునట్లు పేరు పెట్టినాడు. పాలు గల జెముళ్ళకు దగ్గర చుట్టములు ఆఫ్రికా ఎడారులలో నున్నవి. నాగజెముడు చుట్టములు మెక్సికో ఎడారులలో నున్నవి. రెండు కుటుంబములకు సంబంధము లేదు. నీరు కరవైన చోట ఆకును వదలుకొని, కాండమునే ఆకుగాను నీటికుండగాను చేసికొని, పశువు నోటికి ముల్లు అడ్డుపెట్టి బ్రతుకుట రెండింటికిని ఒకే మార్గమైనది. అందుచే ఆకారము కలిసినది. పువ్వు మాత్రము బొంకదు. నాగజెముడు పువ్వునకు రేకులనేకము, కేసరములనేకము. జెముడు పువ్వుగా మనకు కనిపించునది నిజమునకు ఒక చిన్న గిన్నె. ఆ గిన్నెలో నడుమ ఒక్క ఆడుపువ్వు, చుట్టును ఒక్కొక్క కేసరము మాత్రమే గల మగపువ్వులు ఇమిడియుండును. పాఠశాలలో భూతద్దమొకటి యున్నచో ఉపాధ్యాయుడు దీనిని పిల్లలకు చూపవచ్చును. పాలు కంటిలో పడకుండ జాగ్రత్త వహింపవలెను. జెముడు పాలు కంటికి మిక్కిలి ప్రమాదకరము.

ఇట్టి మొక్కలను గుర్తించుటలో శాస్త్రజ్ఞునకు ఒక ప్రత్యేకమైన కష్టము గలదు. వేప, తుమ్మ మొదలగు వాని కొమ్మను కాగితముల నడుమ అణచి ఆరబెట్టినచో అది నూరేండ్లు ఉండును. ఎక్కడివాడైనను దానిని చూచి నిర్ణయింపగలడు. జెముడును అట్లు చేయుటకు వీలులేదు. అణచినచో కాండము ముడుతలుపడును, పలకలు చదునగును, ఆకు రాలును. మూడు పలకలదో ఐదు పలకలదో చెప్పుటకు కాగితము మీద ఏమియు మిగులదు. అందుచేత లండనులోనో మద్రాసులోనో కూర్చున్న పండితుడు ఎంతటివాడైనను, మొక్క నిలిచియున్న చోట నిలిచి చూచినవాని మాటపై ఆధారపడవలసినదే. ఉత్తర సర్కారులలో అట్లు చూచినవాడు ఎలియట్. ఆయనకు చూపినవారు పేరు తెలియని పల్లె జనులు.

కత్తిమందు కథ ఇక్కడ వచ్చును. విశాఖపట్టణపు సీమలో కత్తిని పిడిలో బిగించుటకు ఒక మొక్క పాలు వాడుచుండిరి. కొమ్మలు నరికినచో పాలు ధారగా కారును. వానిని పట్టి కాచినచో చిక్కబడి, ఆరిన పిమ్మట గట్టిపడును. నిప్పు సెగ చూపినచో తిరిగి మెత్తనై కోరిన రూపమునకు వంగును. కత్తి తోకకు పూసి పిడిలోనికి దిగగొట్టినచో ఊడిరాదు. దూరమునుండి చూచిన ఈ మొక్క బొమ్మజెముడు వలెనే యుండును. దగ్గరకు పోయి కొమ్మ పలకలు లెక్కపెట్టినచో మూడు గావు, ఐదు. బొమ్మజెముడు కొమ్మలవలె కణుపులు తెగక నిలువుగా పెరుగును. ముళ్ళు చిన్నవి, జంటలుగా నుండును. పల్లెవాడు పలకలు లెక్కించి చెప్పినాడో లేదో గాని, తన కత్తికి పనికివచ్చు పాలు ఏ మొక్కదో పొరపడలేదు.

ఈ పాలమీద ఎలియట్‌కు అంత శ్రద్ధ కలుగుటకు కారణము కాలమునందున్నది. 1840ల నుండి మలయా దేశపు గట్టాపెర్చా అను చెట్టు జిగురు లండను చేరి గొప్ప గిరాకీ సంపాదించినది. సముద్రము క్రింద వేయు తంతి తీగెకు నీరు తగులకుండ తొడుగు వేయుటకు అంతకంటె మంచి పదార్థము నాడు లేదు. 1851లో ఇంగ్లండునకు ఫ్రాన్సునకు నడుమ సముద్రగర్భమున నడచిన తంతి ఆ తొడుగుతోనే నడచినది. అట్టి జిగురునిచ్చు చెట్టు మరెక్కడనైన నున్నదాయని రాజ్యమంతట వెదకుచుండిరి. అదే ఏడు లండనులో జరిగిన మహా ప్రదర్శనమునకు ఎలియట్ కత్తిమందు జిగురును పంపినాడు. న్యాయనిర్ణేతలు మెచ్చి ఆయనకు పతకము ప్రసాదించినారు.

ఇక్కడ పొరపాటునకు ఎంత చోటున్నదో ఆలోచింపవలెను. జెముడన్న ప్రతిదానికి పాలున్నవి. విశాఖనుండి పోయిన ముద్దలో బొమ్మజెముడు పాలో ఆకుజెముడు పాలో కలిసినచో, లండనులో చేసిన పరీక్ష దేనిని గూర్చి చేసినట్లు? మరుసటి ఏడు అదే సరకు కావలెనని అడిగినచో ఏ మొక్కను నరుకవలెను? సరకునకు పేరు కావలెను, పేరునకు మొక్క కావలెను, ఆ మొక్కకు తప్పిపోని గురుతులు కావలెను. మద్రాసు రాజధానిలో వృక్షశాస్త్రమునకు పెద్దదిక్కయిన రాబర్ట్ వైటు ఈ పని పూర్తిచేసినాడు. హిందూదేశపు మొక్కల చిత్రములతో ఆరు సంపుటములుగా ఆయన వెలువరించిన గ్రంథపు చివరి భాగమున, 1853లో, కత్తిమందు తన చిత్రముతో, లక్షణములతో ప్రత్యేకమైన మొక్కగా అచ్చయినది. పెట్టిన శాస్త్రనామము యుఫోర్బియా కాటిమండూ. పేరు ఎలియట్‌దని వైటు ఒప్పుకొన్నందున నేటికిని వృక్షశాస్త్ర గ్రంథములు ఆ ఇరువుర పేర్లను ఆ మొక్క పేరు ప్రక్క వ్రాయుచున్నవి. వైటు గ్రంథములకు బొమ్మలు వ్రాసినవారిలో రంగయ్య, గోవిందు అను చిత్రకారులుండుట తెలుగువారు జ్ఞప్తియందుంచుకొనదగిన మరియొక సంగతి.

ఆ పేరు విషయమున తెలుగువానికి ఒక సందేహము కలుగక మానదు. ఇంగ్లీషు లిపిలో దకారమునకు డకారమునకు భేదము లేదు. అది కత్తిమందా, కత్తిమండా? నాటి ఇంగ్లీషు గ్రంథకర్తలు కత్తి, ఔషధము అని రెండు ముక్కలుగా అర్థము చెప్పినారు గనుక వారు విన్నది మందు అని తెలియుచున్నది. ఒంటికి తగిలిన మండు పాలు గనుక మండు అనుటయు అతుకక పోదు. ఐనను కత్తిని పిడికి అతికించు పదార్థమును మందు అనుటయే పలుకుబడికి దగ్గర. మెట్టాడ మెల్టాడా అయినట్లే మందు మండూ అయినది. అయిన నేమి? 1753లో లిన్నేయసు కాడజెముడునకు తిరుకల్లి అను మలయాళపు పేరునే శాస్త్రనామముగా స్థిరపరచినాడు. సరిగా నూరేండ్లకు తెలుగు మాట ఒకటి అదే కుటుంబములో దాని ప్రక్కన చేరినది.

వర్తకమునకు మాత్రము కత్తిమందు అక్కరకు రాలేదు. అందులో రబ్బరు గుణముకంటె గుగ్గిలపు గుణము హెచ్చు. ఆరినకొలది పెళుసుబారి విరుగును. తంతి తొడుగునకు అది పనికిరాదని తేలినది. గట్టాపెర్చాకు పోటీ రాలేదు. పల్లెలోని కత్తిపిడికి వచ్చిన లోపమేమియు లేదు.

ఒక్క జెముడు విషయమున ఇంత పని యున్నచో, వందలాది పేర్ల మాట చెప్పనేల? ఒకే పేరు గోదావరి ఒడ్డున ఒక మొక్కకు, విశాఖ కొండలలో మరియొక మొక్కకు చెల్లుట, ఒకే మొక్కకు కాపువాడొక పేరు, వైద్యుడొక పేరు, కొండవాడొక పేరు పెట్టుట ఎలియట్‌కు ప్రతి దినము ఎదురయిన సంగతి. నిఘంటువులలో పెక్కు మొక్కలకు ఒక చెట్టు, ఒక మొక్క అని మాత్రమే అర్థము వ్రాసి ఊరకొను కాలమది. ఆ అలవాటు ఇప్పటికిని పూర్తిగా పోలేదు. ఎలియట్ తాను కూర్చిన పేర్లను క్రమముగా పేర్చి, ప్రతి పేరునకు శాస్త్రనామమును జతచేసి, 1859లో మద్రాసున ఒక గ్రంథముగా ప్రకటించినాడు. దాని పేరు ఫ్లోరా ఆంధ్రికా. ఉత్తర సర్కారులలోని తెలుగు జిల్లాలలో సాధారణముగా కనిపించు మొక్కల దేశీయ నామ పట్టిక యని ఆయన దానికి వివరణము నిచ్చినాడు. ప్రథమ భాగమని అట్టమీద నున్నది. అయినను 19వ శతాబ్దపు చివర ఇండియా ఆర్థికోత్పత్తులపై వాట్ పండితుడు కూర్చిన మహానిఘంటువులో తెలుగు పేర్లకు ఎలియట్ పట్టికయే ఒక ముఖ్యాధారమయినది.

ఎలియట్ వాల్తేరు విడిచిన తరువాత మద్రాసు కౌన్సిలు సభ్యుడయినాడు. ఈ కాలమున చార్లెస్ డార్విను ఆయనకు ఉత్తరములు వ్రాసి, ఇండియాలో పెంచు పావురముల, కోళ్ళ చర్మములు కావలెనని కోరినాడు. ఒకే జాతి పావురము మనుష్యుని పెంపకమున ఎన్ని రూపములు పొందగలదో డార్విను అప్పుడు పరిశీలించుచున్నాడు. ఎలియట్ మద్రాసునుండి నమూనాలు సేకరించి పంపినాడు. 1859లో వెలువడిన జాతుల పుట్టుకను గూర్చిన గ్రంథమున డార్విను ఆయన పేరు చెప్పి కృతజ్ఞత తెలిపినాడు. కుంపిణీ పాలన ముగిసి విక్టోరియా రాణి పాలన వచ్చినదని 1858 నవంబరులో మద్రాసున ప్రకటించు పని, గవర్నరు అస్వస్థత వలన, కౌన్సిలులో పెద్దయైన ఎలియట్‌పై పడినది.

1860లో ఉద్యోగము విరమించి వుల్ఫ్‌లీకి మరలినాడు. 1866లో సర్ బిరుదము, పిదప రాయల్ సొసైటీ సభ్యత్వము, 1882లో ఎడింబరో విశ్వవిద్యాలయపు గౌరవ డాక్టరు పట్టము వచ్చినవి. ఇల్లంతయు వస్తు ప్రదర్శనశాలగా మారినది. ఇండియానుండి తెచ్చిన నాణెములను ముందు పెట్టుకొని వాని చరిత్రను వ్రాయుటకు పూనుకొన్నాడు. అంతలో చూపు మందగించి, చివరకు దాదాపు లేకుండపోయినది. పలకలను, బొడిపెలను, ముళ్ళ జంటలను, ఎలుక బొచ్చు మెత్తదనమును, అరిగిపోయిన శాసనాక్షరములను వేరుచేసి చూచిన కన్నులవి. ఆయన పని మానలేదు. ఇతరులు చదువగా వినుచు, తాను చెప్పి వ్రాయించుచు దక్షిణ భారత నాణెముల గ్రంథమును పూర్తిచేసినాడు. అది 1886లో అచ్చయినది.

1887 మార్చి 1వ తేదీ ఉదయమున ఆయన ఒక ఉత్తరము చెప్పి వ్రాయించినాడు. తమిళ పండితుడు పోప్‌నకు తిరుక్కురళ్ ప్రచురణ విషయమున వ్రాసిన ఉత్తరమది. కాగితము మీద చేయి ఆనించి సంతకము తానే చేసినాడు. ఆ దినమే ఎలియట్ మరణించినాడు.